కోడలు పలకని పేరు

"పటం ఎక్కడ దాచావే?"

అంటూనే బావగారు, పెట్టె మీద కప్పుదాకా పేర్చిన పరుపుల దొంతరని ఒక్క గుంజు గుంజాడు. నూరిజా పుట్టింటివాళ్ళు పెళ్ళికి కుట్టిచ్చిన పన్నెండు పరుపులూ నేల మీద పడ్డాయి. వాటిని బూటుకాలితో తొక్కిపట్టి ఒక్కొక్కదాని కుట్టూ తెంపుతున్నాడు. గొర్రె ఉన్ని గదంతా ఎగురుతోంది.

"చెప్పి చావు! మూగదానివయ్యావా?"

నూరిజా గోడకి ఆనుకుని నిలబడింది. పొద్దున చితికిన పెదవి మళ్ళీ నెత్తురోడుతుంటే తలగుడ్డ కొసతో అద్దుకుంది.

"పెద్దోడా, ఆ ఉన్ని ఇటు రానివ్వకు. పిండిలో పడుతుంది," అంది అత్తగారు వంటింట్లోంచి.

మధ్యాహ్నానికి పందెపు గుర్రాల ముసలాయన మంబెతాలి ఇంటికి పట్టుకెళ్ళడానికి ఆవిడ నూనెరొట్టెలు చేస్తోంది. రెండు గంపలు నిండాలి. పొయ్యి మీద బాణలిలో నూనె కాగుతోంది.

గడప దగ్గర నూరిజా భర్త కూర్చుని గుర్రం కళ్ళెం తుడుస్తున్నాడు. తాతలనాటి వెండి బొడిపెల కళ్ళెం. అరగంట నుంచీ ఒకే బొడిపె తుడుస్తున్నాడు.

"ఏవండీ, మీ అన్నగారికి మీరైనా చెప్పండి," అంది నూరిజా.

అతను తలెత్తలేదు.

"వాడేం చెప్తాడు? వాడికే నోరుంటే నిన్ను పట్నం చదువుకి పంపేవాడా?" బావగారు గోడ దగ్గరికెళ్ళి, మామగారి ఫొటో కింద మేకుకి వేలాడుతున్న కొరడా తీశాడు. గుర్రాల కొరడా. తోలు జడ, కొసన సీసపు గుండు. "ఆఖరుసారి అడుగుతున్నా. పటం."

"ఇవ్వడానికి అది నాది కాదు బావగారూ. పిల్లలది. ఎవరికీ చూపించనని వాళ్ళకి మాటిచ్చాను."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపున. మూడో దెబ్బకి నూరిజా మోకాళ్ళ మీద కూలబడి, ఉన్నిలో మొహం పెట్టుకుని అరిచింది. తెర వెనక నిద్రపోతున్న మూడేళ్ళ సెజిమ్ ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది.

"మాటిచ్చిందట! గుంటవెధవలకి మాటిచ్చిందట! మరి నా పరువుకి ఎవరిచ్చారే మాట?"

నాలుగో దెబ్బకి చెయ్యెత్తాడు.

"చాల్లేరా," అంది అత్తగారు. పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇంక వెతక్కు. పొద్దున పొయ్యి దేంతో అంటించాననుకున్నావు?"

తెర వెనక పిల్ల ఏడుస్తూనే ఉంది.

బావగారు కొరడా దించాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా?"

"చెప్తే దానికి బుద్ధెలా వస్తుంది?"

అయిపోయింది. పటం లేదు. అది అసలు మామూలు కాగితం కూడా కాదు, గోడలకి అతికించే పూలకాగితం చుట్ట. వెనకవైపు తెల్లగా ఉంటుందని దాన్ని బళ్ళో నేల మీద పరిచి, పిల్లల చేత ఊరంతా గీయించింది నూరిజా. బడి, మసీదు, వాగు, వంతెన, కుస్తీల షెడ్డు. పట్నంలో విశ్వవిద్యాలయంలో ఆమె నేర్చుకుంటున్నది ఆ విద్యే. పిల్లలకి చదువు చెప్పడం, ఎదిగే కుర్రాళ్ళకి తోడు నిలబడడం, ఊరి కష్టానికి ఊళ్ళోనే కొత్త దారి వెతకడం. మూడో ఏడాదిలో ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక పని చేసి చూపించాలి. "పిల్లల్ని నోటితో అడక్కండి, భయపడతారు. చేతులతో చెప్పించండి," అనేది పాఠం చెప్పే రాఖత్ మేడమ్. ఎక్కడ భయమేస్తుందో అక్కడ ఒక రాయి పెట్టమనాలి. అంతే పని.

ఆ రాళ్ళే నూరిజా కొంప ముంచాయి. మార్చి నెల, వాగింకా గడ్డకట్టుకునే ఉంది. రాళ్ళు తవ్వి తీసే ఓపిక లేక అత్తగారి సంచీ పట్టుకెళ్ళింది. అందులో నలభై ఒక్క రాళ్ళు. వాటిని గుడ్డ మీద పరిచి, తప్పిపోయిన ఆవు ఎటు పోయిందో, కొండకెళ్ళిన మొగుడు ఎప్పుడొస్తాడో చెబుతుంది అత్తగారు. ఊరంతా నమ్ముతుంది. పిల్లలూ సరిగ్గా నలభై ఒక్కమందే తేలారు. ఇరవై తొమ్మిది రాళ్ళు కుస్తీల షెడ్డు మీద పడ్డాయి. ఆ షెడ్డు బావగారిది. ఊళ్ళో మగపిల్లలందరికీ కుస్తీ మాస్టారు ఆయనే.

ఆ లెక్క ఎలాగో ఊళ్ళో పొక్కింది. రాళ్ళు పెట్టింది తమ పిల్లలేనన్న సంగతి మాత్రం ఊరికి తట్టనే లేదు. రాళ్ళు చెప్పాయన్నారు. కన్నతల్లి రాళ్ళే కొడుకుని పట్టిచ్చాయని వంతెన మీద ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

మూడోరోజు బావగారు షెడ్డులో పిల్లల్ని వరసగా నిలబెట్టాడు. "ఎవడ్రా నా నెత్తిన రాయి పెట్టింది?" అందరూ తలలు దించుకున్నారు. మంబెతాలి మనవడు, పదమూడేళ్ళ బాయెల్ మాత్రం, "నేను పెట్టాను సార్," అన్నాడు. నిజం చెబితే ఏమీ కాదని నూరిజా టీచర్ చెప్పింది మరి.

మర్నాడు పిల్లలు బడి వెనక చేరి నూరిజాకి గుసగుసగా చెప్పారు. సార్ కొట్టాడన్నారు. ఇంకేదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు.

వారం రోజులుగా బాయెల్ జిల్లా ఆస్పత్రిలో ఉన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. కడుపు కోసి ప్లీహం తీసేశారు. గుర్రం మీంచి పడ్డాడని కాగితాల్లో రాయించారు. నూరిజా చూడ్డానికెళ్తే, ముక్కులో గొట్టంతోనే వాడు అడిగింది ఒక్క మాట: "టీచర్, నా రాయి తీసెయ్యలేదు కదా?"

"లేదురా," అంది నూరిజా. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, నా చదువు తగలెయ్య, అని తల బాదుకుని ఏడ్చింది.

"ఇటు చూడు," అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ. "ఇవాళ గుర్రం, మఖమల్ అంగీ పట్టుకెళ్ళి మంబెతాలి ముందు పెడతాం. మా గుర్రం తప్పు చేసింది, క్షమించమంటాం. ముసలాడు ఆ అంగీ భుజాన వేసుకున్నాడంటే గొడవ అక్కడికి సరి. ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడు. పిల్లాడు మన గుర్రం జీరెన్ మీంచి పడ్డం నా కళ్ళతో చూశానని నువ్వు చెప్పాలి."

"నేను చూళ్ళేదు అత్తా."

"చూశావు. పెద్ద చదువు చదివేదానివి, నీ మాటయితే నమ్ముతారు."

"చెప్పకపోతే?"

అత్తగారు సెజిమ్‌ని చంకనెత్తుకుంది. పిల్ల బుగ్గకి పిండి అంటింది. "చెప్పకపోతే అట్నుంచి అటే మీ అమ్మ దగ్గరికి పో. నీ గుడ్డలు పంపిస్తా. పిల్లని మాత్రం పంపను. దాని ఇంటిపేరు మాది."

బావగారు నవ్వాడు. "దానికేం భయపడతావమ్మా? నిజం చెప్పాలన్నా పేరెత్తాలిగా! ఎవరు కొట్టారంటే ఏమంటుంది, మా బావగారంటుందా? ఈ ఊళ్ళో ప్రతి ఆడదానికీ ఒక బావగారున్నాడు."

అందులో అబద్ధమేమీ లేదు. అత్తింటి పెద్దల పేర్లు కోడలు పలకకూడదు. ఉన్నవాళ్ళవే కాదు, పోయినవాళ్ళవీ పలకకూడదు. భర్త పేరూ అంతే. ఆరేళ్ళలో నూరిజా నోట ఒక్కసారీ రాలేదు. మందులచీటీ రాసేవాళ్ళు కూతురి ఇంటిపేరు అడిగితే కాగితం మీద రాసి చూపించేది. అది భర్త తాతగారి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. మామగారిది శుక్రవారమనే మాట కలిసిన పేరు. అందుకని శుక్రవారాన్ని కూడా "శనివారం ముందురోజు" అనేది. ఖర్మకొద్దీ విశ్వవిద్యాలయంలో ఆమె తరగతులన్నీ ఆ రోజే. తోటివాళ్ళు పగలబడి నవ్వేవారు. రాఖత్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "నీ నోటికి ఎన్ని తాళాలు వేసుకున్నావు నూరిజా?" అంది.

లాయంలో భర్త గుర్రానికి జీను వేస్తున్నాడు. నూరిజా గుమ్మం దగ్గర నిలబడింది. వీపు మంటకి నిటారుగా నిలబడలేకపోతోంది.

"మీరు నాకోసం లేవకపోతే పోనీండి," అంది. "ఒక్కటి చెప్పండి. ఆ రోజు షెడ్డులో మీరున్నారా?"

"తాళం నా దగ్గర ఉంటుంది. తియ్యడానికి వెళ్ళాను."

"తీసి?"

"తీసి... ఉన్నాను."

"ఉండి ఏం చేశారు?"

అతను జీను పట్టెడ బిగించాడు. జీరెన్ మెడ తిప్పి అతని జేబులో మూతి పెట్టింది. అతను చక్కెరబిళ్ళ తీసి దాని నోట్లో పెట్టాడు. దీని తల్లిని తోడేళ్ళు తినేస్తే సీసాతో పాలు పట్టి పెంచాడు. మొదటి చలికాలమంతా ఈ లాయంలోనే దాని పక్కన పడుకున్నాడు. పెళ్ళాం పక్కన అన్ని రాత్రులు ప్రేమగా పడుకున్నాడో లేదో.

"పద. అన్న పిలుస్తున్నాడు," అన్నాడు.

నూరిజా రెట్టించలేదు. రెట్టిస్తే ఏం వినాల్సొస్తుందోనని ఆమెకీ భయమే.

మంబెతాలి వాకిట్లో మంచు కరిగి చీలమండ లోతు బురదైంది. ఊళ్ళో సగంమంది కంచె చుట్టూ చేరారు. డెబ్భై దాటిన మంబెతాలి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. పందెపు గుర్రాలని తయారుచేసిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పక్కన ఇన్‌స్పెక్టర్. పాపం ఆయనకి జలుబు. ఒళ్ళో ఫైలు, చేతిలో రుమాలు.

అత్తగారు గంపలు దింపించి ముందుకొచ్చింది. "మంబెతాలీ, మా గుర్రం నీ మనవణ్ణి పడేసింది. తప్పు మాది. గుర్రం నీది. ఈ అంగీ వేసుకుని మమ్మల్ని క్షమించు."

బావగారు జరీ అంచు అంగీని రెండు చేతులా చాపాడు. ముసలాయన దాని వంకే చూడలేదు. లేచి గుర్రం దగ్గరికెళ్ళాడు. మెడ నిమిరాడు, గిట్టలెత్తి చూశాడు, కాళ్ళ వెంట చెయ్యి జార్చాడు. వెనక కాలి మీద మానుతున్న గాయం దగ్గర ఆ చెయ్యి కాసేపు ఆగింది.

"ఇదేనా పడేసింది?"

"ఇదే," అన్నాడు బావగారు.

"నా మనవడు మూడేళ్ళప్పట్నుంచీ గుర్రమెక్కుతున్నాడు. ఒక్కసారి పడలేదు."

"ఏదో ఒకరోజు పడతారు తాతా. మా తమ్ముడూ పడ్డాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముక్కు చీదుకుంటూ. "సంతకాలు చేసేస్తే నేను బయల్దేరతాను. ఒళ్ళు కాలిపోతోంది."

"ఎవరు చూశారు?"

అందరూ నూరిజా వైపు తిరిగారు. అత్తగారు వెనక నుంచి చెయ్యేసి, సరిగ్గా కొరడా దెబ్బ మీదే వేళ్ళు నొక్కింది. "చెప్పమ్మాయ్."

సెజిమ్ నానమ్మ చంకలో కూర్చుని నూనెరొట్టె చీకుతోంది. నూరిజాని చూసి నవ్వింది. ఒక్క మాట చెబితే సాయంత్రానికి ఆ పిల్ల తన ఒళ్ళో ఉంటుంది. అవును, చూశాను. అంతే కదా.

"నేను..." అంది నూరిజా. ఎంత ప్రయత్నించినా తరవాతి మాట రాలేదు.

"జనాన్ని చూసి బెదిరింది," అంది అత్తగారు.

మంబెతాలి నూరిజా చితికిన పెదవి వంక చూశాడు. తరవాత నడుము నుంచి కత్తి తీశాడు.

"సరే. గుర్రమే చేసిందన్నారు. పిల్లాడి ప్రాణాల మీదికి తెచ్చిన గుర్రాన్ని నేను ఎక్కను, అమ్మను. ఇక్కడే కోస్తాను. దీని నెత్తురు నా వాకిట్లో పడ్డాక అంగీ వేసుకుంటాను."

కంచె చుట్టూ గుసగుసలు లేచాయి. జీరెన్ అంటే ఆ లోయంతటికీ తెలుసు. మూడు పందేలు కొట్టిన గుర్రం.

"కొయ్యి," అన్నాడు బావగారు, రెప్పవెయ్యకుండా. "నీదేగా ఇక. కాళ్ళు నేనే కడతాను."

"అంత తొందరేం నాయనా?"

"గొడవ తెగిపోవాలి తాతా. చిన్నోడా, తల పట్టుకో!"

తాడు వేసి, నలుగురు కలిసి లాగి జీరెన్‌ని బురదలో పడేశారు. పెద్ద గుర్రం, పడుతూనే కాళ్ళు ఝాడించింది. ఒకడు మోకాలి చిప్ప పగిలి కేకపెట్టాడు. బావగారు దాని మెడ మీద మోకాలేసి నాలుగు కాళ్ళూ కట్టేశాడు. దాని మూతి నుంచి నురగ కారుతోంది. నూరిజా భర్త బురదలో కూర్చుని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. గుర్రం కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. అతని జేబు వాసన చూస్తూ ముక్కుపుటాలు ఆడిస్తోంది.

ముసలాయన కత్తిని బూటు మీద రెండుసార్లు నూరి, దేవుడి పేరు తలుచుకుని వంగాడు. మెడ మీద ఆనించాడు. వెంట్రుకలు తెగి, సన్నటి ఎర్ర గీత తేలింది. గుర్రం అరిచిన అరుపుకి కంచె దగ్గరి ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"వద్దు! దాని తప్పేం లేదు!"

నూరిజా భర్త కత్తిని ఉత్త చేత్తో పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ధారగా కారుతోంది.

"దాని తప్పేం లేదు తాతా! అది ఆ రోజు లాయం దాటి రాలేదు. కాలికి గాయమైతే నేనే కట్టు కట్టాను. అది ఎవర్నీ పడెయ్యలేదు. దాన్ని చంపకు, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను!"

మంబెతాలి కత్తి వెనక్కి తీసుకున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు నెమ్మదిగా.

నూరిజాకి ఒళ్ళు భగ్గుమంది. వారం రోజులు! కడుపు కోయించుకుని పిల్లాడు ఆస్పత్రిలో పడుంటే లేవని గొంతు, పొద్దున పెళ్ళాం వీపు చీలుతుంటే లేవని గొంతు, గుర్రం కోసం లేచింది. ఆ మనిషిని చూస్తే అసహ్యమేసింది. అంతలోనే నెత్తురోడుతున్న ఆ చెయ్యి చూసి జాలేసింది. ఈ రెండూ ఒక్కసారే ఎలా కలుగుతాయో ఆమెకి అర్థం కాలేదు.

బావగారి కొరడా పిడి తమ్ముడి మొహం మీద పడింది. ముక్కెముక విరిగిన చప్పుడు కంచెదాకా వినిపించింది.

"కుక్కా! గుర్రం కోసం ఏడుస్తావురా?" పక్కటెముకల్లో తన్నాడు. మళ్ళీ తన్నాడు. "మరి ఆ రోజు కుర్రకుంక కదలకుండా కాళ్ళు పట్టుకున్నదెవడ్రా? నువ్వు కాదూ? నువ్వు గట్టిగా పట్టుకోబట్టే కదరా వాడు..."

ఆగాడు. అప్పటికే అందరూ విన్నారు.

నూరిజా కూడా విన్నది. పిల్లలు బడి వెనక తన మొహం చూసి మింగేసిన మాట అదన్నమాట.

ముసలాయన కత్తితో బావగారి మీదికి దూకాడు. బావగారు చెయ్యి మెలిపెట్టి, నడుం మీదికెత్తి, కుర్రాళ్ళకి రోజూ నేర్పే పట్టుతోనే విసిరికొట్టాడు. మంబెతాలి తల నీళ్ళతొట్టి అంచుకి తగిలింది. తొట్టి నీళ్ళు ఎర్రబడ్డాయి. కంచె విరగదోసుకుని నలుగురు లోపలికి పడ్డారు, ఎవడో గునపం ఎత్తాడు.

ఇన్‌స్పెక్టర్ పిస్తోలు తీసి గాల్లో కాల్చాడు.

"ఒక్కడు కదిలాడంటే చూడండి!"

మంబెతాలిని ఇద్దరు ఆడవాళ్ళు గోడకి ఆనించి తలకి గుడ్డ చుట్టారు. ముసలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ బకెట్టు మీద కూర్చుని ఫైలు తెరిచాడు.

"నేను విన్నది పైవాళ్ళు ఒప్పుకోరు. తెలిసినవాళ్ళెవరో ఒకరు ముందుకొచ్చి చెప్పాలి, సంతకం పెట్టాలి. పిల్లాణ్ణి ఎవరు కొట్టారు? పూర్తి పేరు కావాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. లేదంటే ఉన్నది ఉన్నట్టే పంపిస్తా. గుర్రం మీంచి పడ్డాడు."

అందరి కొడుకులూ ఆ షెడ్డులోనే ఉన్నారు. రాజధాని పోటీలకి ఎవరు వెళ్ళాలో చెప్పేది బావగారే. గునపం ఎత్తినవాడు దాన్ని మెల్లిగా కింద పెట్టాడు. ఒక్కొక్కరే తమ బూట్ల వంక చూసుకున్నారు.

బావగారు చేతుల బురద దులుపుకున్నాడు.

"రాయండి మరి. గుర్రం మీంచి పడ్డాడు," అంది అత్తగారు.

నూరిజా కదిలింది.

"అమ్మాయ్! పిల్ల నా చంకలో ఉంది. గుర్తుంచుకో."

"రానీ అమ్మా, రానీ," అన్నాడు బావగారు. "ఏం పేరు చెప్తుందో విందాం. శనివారం ముందురోజుగారి కొడుకు అని రాయిస్తుంది!"

కంచె దగ్గర ఒకరిద్దరు నవ్వారు కూడా.

నూరిజా బురదలో నడిచి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడింది. బిడ్డ వైపు చూడకూడదనుకుంది, చూసింది. సెజిమ్ రొట్టె తినడం మానేసి అమ్మ కోసం చేతులు చాపుతోంది. నూరిజాకి బాయెల్ మాట గుర్తొచ్చింది. నా రాయి తీసెయ్యలేదు కదా, టీచర్?

"రాళ్ళ పటం కాల్చేశారు," అంది. "దాని మీద ఇరవై తొమ్మిది రాళ్ళు నేను లెక్కపెట్టాను. పిల్లలు నాతో చెప్పింది నేను విన్నాను. వాళ్ళ పేర్లు ఒక్కటీ చెప్పను. కొట్టినవాడి పేరు చెప్తాను, రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు.

"అసానొవ్."

కంచె దగ్గర ఎవరో ముసలమ్మ, "అయ్యో, అయ్యో," అంది.

"కలీబెక్."

బావగారి మొహంలో నవ్వు పోయింది. కొరడా ఆమె చెంప మీద చెళ్ళుమంది. చెవి నుంచి గడ్డందాకా చర్మం చీలింది. నూరిజా తూలి, బకెట్టు అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. రెండో దెబ్బ పడకుండా గునపంవాడూ, ఇంకో ఇద్దరూ ఆయన చేతుల మీద పడ్డారు.

"జుమాబెకొవిచ్," అంది నూరిజా. "సరిగ్గా వినపడకపోతే మళ్ళీ చెప్తాను."

ఆరేళ్ళు దాచిన మూడు పేర్లూ, మామగారి శుక్రవారంతో సహా, బయటికొచ్చేశాయి. ఆకాశం ఊడి పడలేదు. అత్తగారు మాత్రం బురదలోనే చతికిలబడింది, సెజిమ్‌ని గుండెలకి అదుముకుని. ఆ పట్టు వదిలేలా లేదు.

ఇన్‌స్పెక్టర్ కలం గరగరమంటూ సాగింది. ముక్కు తుడుచుకుని, తలెత్తకుండానే అడిగాడు.

"కాళ్ళు పట్టుకున్నది?"

నూరిజా భర్త బురదలోనే ఉన్నాడు. గుర్రం కట్లు ఎవరూ విప్పలేదు. దాని తల అతని ఒళ్ళోనే ఉంది. అతని ముక్కు నుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా దాని జూలు మీద పడుతోంది. వారంలో మొదటిసారి అతను నూరిజా కళ్ళలోకి చూశాడు.

"నూరిజా," అన్నాడు.

"వాడు నీ మొగుడే!" అత్తగారి గొంతు పగిలింది. "నీ పిల్లకి తండ్రే! పిల్లని ఇచ్చేస్తానే, తీసుకో, ఇదిగో, తీసుకుపో! వాణ్ణి మాత్రం వదిలెయ్!"

ఆవిడ సెజిమ్‌ని ముందుకి తోసింది. బురదలో పిల్ల రెండు అడుగులు వేసి నిలబడి, అమ్మ చెంప మీద నెత్తురు చూసి బావురుమంది.

"ఇంటిపేరు, తండ్రి పేరు అవే," అంది నూరిజా. "పైన రాసినవే మళ్ళీ రాయండి."

ఇన్‌స్పెక్టర్ రెండూ రాశాడు. మధ్యలో ఒక్క పేరుకి చోటు వదిలి, కలం ఎత్తి ఆమె వంక చూశాడు.